సిమ్యులేటర్‌లో ఇప్పుడు టైమెంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రాసెసర్ సిమ్యులేటర్ల (ఒక ప్రాసెసర్ ఎలా నడుస్తుందో సాఫ్ట్‌వేర్‌లో అనుకరించి చూపే ప్రోగ్రాముల) గురించి పోయిన సంచికలో రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి: టైము. అందుకే ఈసారి వాటికే జవాబులు. ఎక్కువమంది వాడుతున్నది జెమ్5 కాబట్టి ఉదాహరణలన్నీ దాన్నుంచే తీసుకున్నాను. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఎం5, విస్కాన్సిన్ వాళ్ల జెమ్స్ అనే రెండు సిమ్యులేటర్లు కలిసి 2011లో ఈ పేరుతో బయటికొచ్చాయి. మీరు వేరేది వాడుతున్నా లోపలి సంగతులు పెద్దగా మారవు.

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. రాత్రి పదింటికి రన్ పెట్టి పడుకున్నాను, పొద్దున ఏడింటికి పూర్తయింది. తీరా స్టాట్స్ ఫైలు తెరిస్తే సిమ్‌సెకండ్స్ 2.1 అని ఉంది. తొమ్మిది గంటలు తిరిగితే రెండు సెకన్లేమిటి? సెట్టింగులో ఏదైనా తప్పు చేశానా?

జవాబు: తప్పేమీ చేయలేదు. అదే ఫైల్లో హోస్ట్‌సెకండ్స్ అనే వరుస కూడా ఉంటుంది, చూడండి. అక్కడ 32 వేల పైచిలుకు కనిపిస్తుంది. అది మీ గోడ గడియారం చెప్పే లెక్క. 2.1 అనేది మీరు కట్టుకున్న ఊహా కంప్యూటర్ లోపలి లెక్క. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 15 వేల రెట్లు వస్తుంది. వివరంగా పనిచేసే కోర్ (ప్రోగ్రాంని నడిపే ప్రాసెసర్ భాగం) మోడల్‌కి ఇది మామూలు వేగమే. మీ కోర్ 2 గిగాహెర్ట్జ్‌ది అనుకుంటే, సెకనుకి లక్షా ముప్పై వేల సైకిళ్ల (క్లాక్ దెబ్బల) చొప్పున రాత్రంతా లాక్కొచ్చింది పాపం.

లోపల కాలం గడుస్తుందని అందరం అలవాటుగా అంటాం కానీ, నిజానికి అక్కడ గడిచేదేమీ లేదు. ఉన్నదల్లా 64 బిట్ల అంకె ఒకటి, దాని పేరు టిక్. మామూలు సెట్టింగులో ఒక టిక్ అంటే ఒక పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. ఆ అంకె పక్కనే ఒక వరుస ఉంటుంది, ఈవెంట్ క్యూ. "ఫలానా టిక్‌లో ఫలానా పని చెయ్యి" అన్న చీటీలు అందులో టైము ప్రకారం పేర్చి ఉంటాయి. సిమ్యులేటర్ చేసేదల్లా పైచీటీ తీసి, దాని మీదున్న టైముని ఆ అంకెలో రాసి, చెప్పిన పని చేసి, మళ్లీ పైచీటీ తీయడం. అంతే.

ఒక క్యాష్ మిస్ తీసుకుందాం, అంటే కోర్ పక్కనుండే చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో కావలసిన డేటా దొరక్కపోవడం. టిక్ 10,000 దగ్గర కోర్ ఒక డేటా అడిగింది. ఎల్1 (కోర్‌కి అన్నిటికంటే దగ్గరి) క్యాష్‌లో వెతకడానికి 2 సైకిళ్లు. 2 గిగాహెర్ట్జ్‌లో సైకిల్ అంటే 500 టిక్కులు కాబట్టి 11,000కి ఒక చీటీ పడింది. ఆ చీటీ వంతు వచ్చేసరికి క్యాష్ "నా దగ్గర లేదు" అని తేల్చింది. మెమరీ 50 నానోసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి 61,000కి ఇంకో చీటీ. ఈ మధ్యలో ఇంకెవరికీ పని లేకపోతే అంకె 11,000 నుంచి ఒక్కసారిగా 61,000కి గెంతుతుంది. మధ్యలో ఉన్న 50 వేల టిక్కుల మీద మీ సీపీయూ ఒక్క క్షణం కూడా ఖర్చు పెట్టదు. అదే ఇంకో చోట ఒక్క టిక్‌లోనే వంద చీటీలుంటే, అక్కడ నత్తనడకే. కాబట్టి రన్‌కి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే లోపల ఎన్ని సెకన్లు గడిచాయని కాదు, ఎన్ని చీటీలు చించాల్సి వచ్చిందని అడగాలి.

మీకో చిన్న సలహా. ఆపరేటింగ్ సిస్టమ్ బూటయ్యే భాగాన్ని అటామిక్ సీపీయూ అనే తేలికపాటి కోర్ మోడల్‌తో నడిపించి, మీకు కావలసిన భాగం రాగానే వివరమైన మోడల్‌కి మారండి. అటామిక్‌లో మెమరీని అడిగితే చీటీలు పడవు. ఫంక్షన్ కాల్ వెళ్లినంత వెళ్లి "ఇంత ఆలస్యం" అన్న అంకెతో వెంటనే తిరిగొస్తుంది. వేగంగా అయిపోతుంది కానీ, రెండు అభ్యర్థనలు ఒకదానికొకటి అడ్డం పడటమన్నది అందులో ఉండనే ఉండదు. అందుకే ఆ అంకెల్ని పేపర్లో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: ఇంత హంగామా దేనికండీ? ఒక లూపు రాసి, తిరిగిన ప్రతిసారీ సైకిల్‌కి ఒకటి కలుపుకుంటూ పోతే సరిపోదా? ఈ క్యూలన్నీ అవసరమా?

జవాబు: సరిపోతుంది, చాలా ఏళ్లు సరిపోయింది కూడా. సింపుల్‌స్కేలర్ అనే పాత సిమ్యులేటర్లో ప్రాసెసర్ మోడల్ మీరన్నట్టే ఉండేది. అందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. లూపు లోపల పైప్‌లైన్ దశల్ని (ఇన్‌స్ట్రక్షన్‌ని తెచ్చే ఫెచ్ నుంచి దాన్ని ఖరారు చేసే కమిట్ దాకా ఉన్న మెట్లని) తలకిందులుగా పిలుస్తారు: ముందు కమిట్, తర్వాత రైట్‌బ్యాక్, ఇష్యూ, డిస్పాచ్, చివరికి ఫెచ్. మొదటిసారి చదివినప్పుడు ఎవరో పొరపాటున తిరగరాశారనుకున్నాను. ఆలోచిస్తే అర్థమైంది. ఫెచ్ నుంచి మొదలుపెడితే ఇప్పుడే తెచ్చిన ఇన్‌స్ట్రక్షన్‌ని అదే లూపులో డిస్పాచ్ చూసేస్తుంది, దాన్ని ఇష్యూ అందుకుంటుంది, ఒక్క సైకిల్లోనే అది పైప్‌లైన్ దాటేస్తుంది. వెనక నుంచి పిలిస్తే ప్రతి దశకీ పోయిన సైకిల్లో మిగిలిన సరుకే కనిపిస్తుంది. దశల మధ్య రెండు కాపీల రిజిస్టర్లు పెట్టుకోనక్కర్లేకుండా పని జరిగిపోతుంది.

ఒక్క కోర్, ఒక్క క్లాక్ ఉన్నంతవరకు లూపే హాయి. 2 గిగాహెర్ట్జ్ కోర్, 833 పికోసెకన్లకోసారి కొట్టుకునే డీడీఆర్4 మెమరీ, ఎప్పుడో ఒకసారి పలికే డిస్కు కలిశాయా, ఇక ఎవరి సైకిల్‌ని లెక్కించాలి? క్యూ అక్కడ అక్కరకొస్తుంది. నిజానికి జెమ్5లో కూడా పనిలో ఉన్న కోర్ ప్రతి సైకిల్‌కీ తన చీటీ తనే రాసుకుంటుంది, అంటే లోపల మీరు చెప్పిన లూపే ఉందన్నమాట. తేడా ఏమిటంటే చేయడానికి ఏమీ లేనప్పుడు చీటీ రాసుకోవడం మానేసి నిద్రపోతుంది.

ప్రశ్న: సిమ్యులేట్ చేసిన లినక్స్‌లో స్లీప్ 100 అని కొట్టాను. వంద సెకన్లకి ఇక రోజులు పడుతుందని భయపడ్డాను. చూస్తుండగానే ప్రాంప్ట్ వచ్చేసింది! స్లీప్ పనిచేయలేదా?

జవాబు: పనిచేసింది. అంతా నిద్రపోతే కోర్ చీటీలుండవు. టైమర్ ఇంటరప్టుల్లాంటివి (కోర్‌ని తట్టిలేపే గడియారపు పిలుపులు) అడపాదడపా వస్తాయి, అంతే. వంద సెకన్లూ గెంతులతో అయిపోయాయి. అదే మీరు వంద సెకన్లపాటు ఖాళీ లూపు తిప్పి ఉంటే, ఈ ఉత్తరం ఇప్పట్లో వచ్చేది కాదు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో 3 గిగాహెర్ట్జ్ కోర్లు, 1 గిగాహెర్ట్జ్ బస్సు (కోర్లనీ మెమరీనీ కలిపే దారి). రన్ మొదట్లోనే రౌండింగ్ గురించి ఒక వార్నింగ్ వస్తోంది. సీనియర్లు పట్టించుకోవద్దంటున్నారు. వదిలేయవచ్చా?

జవాబు: తొంభై తొమ్మిది సార్లు వదిలేయవచ్చు. ఆ నూరోసారి ఎలా ఉంటుందో చెబుతాను. 3 గిగాహెర్ట్జ్ సైకిల్ అంటే 333.33 టిక్కులు. టిక్ పూర్ణాంకం కాబట్టి 333 అయింది. అంటే మీ కోర్ 3.003 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోంది. వెయ్యిలో ఒక వంతు తేడా, దాని గురించి నిజంగానే ఎవరూ పట్టించుకోరు. కానీ క్లాక్ అంచులు, అంటే కొత్త సైకిల్ మొదలయ్యే క్షణాలు, చూడండి. బస్సు సందేశం టిక్ 1000 దగ్గర బయలుదేరింది. కోర్ మూడో అంచు ఎక్కడుంది? 999 దగ్గర. ఒక్క టిక్ తేడాతో బస్సు తప్పిపోయింది (ఈ బస్సు కూడా తప్పిపోతుంది, ఏం చేస్తాం). కోర్ ఆ సందేశాన్ని అందుకునేది తర్వాతి అంచు 1332 దగ్గరే. నిజమైన హార్డ్‌వేర్‌లో రెండు క్లాకులూ ఒకే మూలం నుంచి వస్తే ఆ రెండు అంచులూ కలిసి ఉండేవి, ఈ ఎదురుచూపు ఉండేది కాదు. మీరు కొలుస్తున్నది సరిగ్గా కోర్‌కీ బస్సుకీ మధ్య ఆలస్యమే అయితే, పికోసెకను రౌండింగ్ మీకు మూడొందల పికోసెకన్ల అబద్ధం చెబుతుంది.

250 టిక్కుల 4 గిగాహెర్ట్జో, 400 టిక్కుల 2.5 గిగాహెర్ట్జో పెట్టుకోండి, వార్నింగ్ పోతుంది. టిక్‌నే ఫెమ్టోసెకనుకి తగ్గిస్తే పోదా అని అడగబోతున్నారు కదా? తప్పు కాస్త చిన్నదవుతుంది కానీ పోదు, 3తో ఏ పదుల ఘాతమూ భాగం పోదు కదా. పైగా 64 బిట్లలో పికోసెకన్లయితే 213 రోజుల వరకు లెక్కపెట్టొచ్చు, ఫెమ్టోసెకన్లయితే ఐదు గంటలకే అంకె నిండిపోతుంది.

ప్రశ్న: ఒకే టిక్‌లో రెండు ఈవెంట్లుంటే ఏది ముందు జరుగుతుంది? ఏది ముందైనా ఫలితం ఒకటే కదా అని మా టీమ్‌లో వాదన నడుస్తోంది.

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. ఫలితం ఒకటే అయ్యేలా రాయడం మీ బాధ్యత. సిమ్యులేటర్ ఆ హామీ ఇవ్వదు.

ముందు నియమాలు చూద్దాం. ప్రతి ఈవెంట్‌కీ టైముతో పాటు ప్రయారిటీ అనే అంకె ఉంటుంది. టైము ఒకటే అయితే తక్కువ అంకె ఉన్నది ముందు నడుస్తుంది. మామూలు ఈవెంట్లకి 0. కోర్ సైకిల్ ఈవెంట్‌కి 50. స్టాటిస్టిక్స్ రాసుకునేదానికి 90. సిమ్యులేషన్ ఆపేసేదానికి 100. ఇందులో ఒక ఆలోచన ఉంది: ఈ టిక్‌లో రావలసిన డేటా అంతా వచ్చాకే కోర్ కళ్లు తెరవాలి, కోర్ పని అయ్యాకే లెక్కలు రాయాలి, అంతా అయ్యాకే దుకాణం కట్టేయాలి.

మరి ప్రయారిటీ కూడా ఒకటే అయితే? ముందొచ్చినవాడిదే ముందు అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. జెమ్5 కోడ్‌లో క్యూ అనేది గొలుసుల గొలుసు. టైము, ప్రయారిటీ రెండూ కలిసిన ఈవెంట్లు ఒక బిన్‌లో చేరతాయి. బిన్ లోపల మాత్రం అది క్యూ కాదు, దొంతర. చివరగా వేసింది మొదట బయటికొస్తుంది. అలా చేస్తే బిన్ దొరికాక అందులో చేర్చడం, తీయడం ఒక్క అడుగులో అయిపోతాయి. వేగం కోసం చేసిన పని, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఇక నా కథ. చాలా ఏళ్ల కిందట రెండు కోర్లు పంచుకునే ఒక మెమరీ పోర్టు (మెమరీలోకి వెళ్లే ద్వారం) మోడల్ రాశాను. ప్రతి కోర్ తన సైకిల్ ఈవెంట్‌లో పోర్టు ఖాళీగా ఉందా అని చూస్తుంది, ఉంటే పట్టుకుంటుంది, లేకపోతే తర్వాతి సైకిల్లో మళ్లీ అడుగుతుంది. పోర్టు ఒక్కో అభ్యర్థనకి 3 సైకిళ్లు తీసుకునేది. రెండు కోర్లకీ సమానంగా వాటా వచ్చేది, నాకు మహా సంతోషంగా ఉండేది. తర్వాత పోర్టు వేగం పెంచుదామని 3ని 2 చేశాను. ఒక్క అంకె మార్చానంతే, రెండో కోర్ దాదాపు ఆగిపోయింది. పోర్టు వేగం పెంచితే ప్రోగ్రాం నెమ్మదించడమేమిటి? క్యాష్‌ని అనుమానించాను, మెమరీ కంట్రోలర్‌ని అనుమానించాను, ఆఖరికి ప్రోగ్రాంనే అనుమానించాను. రెండు వారాలు పోయాయి. ఏ టిక్‌లో ఏం జరిగిందో రాసుండే కొండంత ట్రేస్ ఫైలు తవ్వితే చివరికి ఎలుక దొరికింది.

కాగితం మీద గీసి చూడండి. రెండు కోర్ల ఈవెంట్లూ ఒకే బిన్‌లో ఉన్నాయి. ఈ సైకిల్లో మొదట ఎ నడిచి, తర్వాతి సైకిల్‌కి తన చీటీ వేసింది. తర్వాత బి నడిచి తన చీటీ వేసింది. ఇప్పుడు దొంతర పైన ఉన్నది బి. కాబట్టి వచ్చే సైకిల్లో బి ముందు. ఆ తర్వాత మళ్లీ ఎ. అంటే సరి సైకిళ్లలో ఎ, బేసి సైకిళ్లలో బి. పోర్టు 3 సైకిళ్లకోసారి ఖాళీ అయినప్పుడు ఒకసారి సరి, ఒకసారి బేసి పడి ఇద్దరికీ వంతులొచ్చాయి. 2 చేయగానే పోర్టు ఎప్పుడూ సరి సైకిల్లోనే ఖాళీ అవుతోంది. అప్పుడు ముందుండేది ఎప్పుడూ ఎ. బికి దొరికేది ఎ అడగని రోజునే. నేను చూసి మురిసిపోయిన ఆ సమన్యాయం నా డిజైన్‌లో లేనే లేదు, దొంతర నుంచి పొరపాటున వచ్చిందది.

మందు చిన్నదే. అడగడం, ఇవ్వడం అనే రెండు పనుల్ని విడదీశాను. కోర్లు తమ సైకిల్ ఈవెంట్‌లో అభ్యర్థనని పోర్టు ముందున్న బఫర్లో పడేసి వెళ్తాయి. అదే టిక్‌లో, కోర్ల కంటే పెద్ద అంకె ప్రయారిటీతో ఇంకో ఈవెంట్ నడిచి, బఫర్లో ఉన్నవాటినన్నిటినీ చూసి, పోయినసారి ఎవరికిచ్చానో గుర్తుపెట్టుకుని రెండోవాళ్లకి ఇస్తుంది. ఇప్పుడు కోర్ ఈవెంట్లు ఏ వరుసలో నడిచినా తేడా రాదు. హార్డ్‌వేర్‌లో ఆర్బిటర్ అనే సర్క్యూట్ చేసే పని కూడా ఇదే. నేను దాన్ని రాయడం ఎగ్గొట్టి క్యూ మీదకి నెట్టాను.

మీ టీమ్ వాదన తేలడానికి ఒక పరీక్ష చెబుతాను. కాన్ఫిగరేషన్ స్క్రిప్టులో కోర్లని తయారుచేసే వరుస తిరగేసి రన్ చేయండి. మొత్తం టిక్కుల లెక్కలో తేడా వచ్చిందంటే మీ మోడల్లో ఎవరో ముందు నడవడం మీద ఆధారపడ్డారు. తేడా ఒక శాతమే కదా అని వదలకండి, మీరు పేపర్లో చెప్పుకోబోయే మెరుగుదల కూడా రెండు మూడు శాతమే కావచ్చు.

ప్రశ్న: నా రన్ "టిక్ 18446744073709551615 దగ్గర ఆగింది, సిమ్యులేట్ లిమిట్ చేరింది" అంటోంది. నా ప్రోగ్రాం చిన్నది, మల్టీ థ్రెడింగ్ ఒక్కటే ఉంది. ఇంత పెద్ద అంకె చూసి టెన్షన్ పట్టుకుంది.

జవాబు: అది 64 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె. మీ ప్రోగ్రాం 213 రోజులు నడవలేదు, కంగారు పడకండి. క్యూలో ఆఖరి చీటీగా "ఇక ఆపు" అన్నది ఎప్పుడూ ఉంటుంది, లిమిట్ ఇవ్వకపోతే అది ఆ అంకె మీద కూర్చుంటుంది. మిగతా చీటీలన్నీ అయిపోతే గెంతేది అక్కడికే. అంటే మీ థ్రెడ్లన్నీ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ నిద్రపోయాయి, లేపడానికి ఎవరూ మిగల్లేదు. డెడ్‌లాక్. ముందు మీ లాకులు చూడండి.

అవి సరిగ్గానే ఉంటే, మీరు సొంతంగా రాసిన మోడల్లో టిక్కుల తీసివేత ఎక్కడైనా ఉందేమో వెతకండి. గతంలో ఈవెంట్ పెట్టబోతే షెడ్యూల్ ఫంక్షన్‌లోని అసర్ట్ (షరతు తప్పితే రన్ ఆపేసే తనిఖీ) పట్టుకుంటుంది, అది మంచిదే. కానీ టిక్‌కి మైనస్ గుర్తు లేదు. 500లోంచి 700 తీసేస్తే మైనస్ 200 రాదు, 18446744073709551416 వస్తుంది. అది గతం కాదు, చాలా దూరపు భవిష్యత్తు. అసర్ట్ మారు మాట్లాడకుండా లోపలికి పంపేస్తుంది. మీరు ఎదురుచూస్తున్న జవాబు ఆ అంకె మీద, ప్రపంచం ముగియడానికి 199 టిక్కుల ముందు కూర్చుని ఉంటుంది.

ఒక రకంగా మీరు అదృష్టవంతులు. వివరమైన డీరామ్ (ప్రధాన మెమరీ) మోడల్ పెట్టుకుని ఉంటే ఈ సందేశం కూడా వచ్చేది కాదు. డీరామ్‌కి 7.8 మైక్రోసెకన్లకోసారి రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా తిరిగి రాసుకోవడం) చీటీ పడుతూనే ఉంటుంది కాబట్టి క్యూ ఎప్పటికీ ఖాళీ కాదు. థ్రెడ్లన్నీ పడుకున్నా, ఎవరూ చదవని మెమరీని ఉలుకూ పలుకూ లేకుండా రిఫ్రెష్ చేసుకుంటూ గంటలకొద్దీ పోతుంది. టిక్కులు పెరుగుతూ ఇన్‌స్ట్రక్షన్ల లెక్క కదలకపోతే ఇదే కారణమని అనుమానించండి.

ప్రశ్న: మా ల్యాబ్‌కి 16 కోర్ల సర్వర్ వచ్చింది. సిమ్యులేటర్ మాత్రం ఒక్క కోర్‌నే వాడుతోంది, మిగతా 15 ఖాళీ. క్యూని పదహారు ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వలేమా?

జవాబు: ఇవ్వొచ్చు, కానీ గతం మారకుండా చూసుకోవాలి. ఒక ముక్క టిక్ 9,000 దాకా వెళ్లిపోయింది, వెనకబడిన ఇంకో ముక్క నుంచి "8,500 దగ్గర నీ క్యాష్ లైను చెల్లకుండా పోయింది" అని చావు కబురు చల్లగా వచ్చింది. ఇప్పుడేం చేయాలి? దీనిమీద పాత జవాబులు రెండున్నాయి. 1979లో చాందీ, మిశ్రా చెప్పింది జాగ్రత్తపరుల దారి: పొరుగువాళ్ల నుంచి ఇక ఇంతకంటే పాత కబురు రాదని తేలేదాకా ముందుకెళ్లకు. 1985లో జెఫర్సన్ చెప్పింది రెండో దారి: వెళ్లిపో, పాత కబురొస్తే చేసిందంతా వెనక్కి తిప్పి మళ్లీ చెయ్యి. దీన్నే టైమ్ వార్ప్ అంటారు. పేరు ఘనంగానే ఉంది కానీ, ప్రాసెసర్ మోడల్లో ఉన్న క్యాష్‌లు, ప్రెడిక్టర్ (ప్రోగ్రాం ఎటు మలుపు తిరుగుతుందో ఊహించే భాగం) పట్టికలు అన్నీ వెనక్కి తిప్పగలిగేలా రాసే ఓపిక నాకైతే లేదు.

జెమ్5లో ఉన్నది మొదటి దారికి దగ్గరి చుట్టం. క్వాంటమ్ అనే నిర్ణీత టిక్కుల గడువు ఒకటి పెట్టుకుంటారు, ఎవరి క్యూ వాళ్లు ఆ క్వాంటమ్ దాకా నడిపి, అక్కడ అందరూ వచ్చేదాకా ఆగుతారు. ఒక ముక్క నుంచి ఇంకోదానికి వెళ్లే కబురుకి కనీసం క్వాంటమంత ఆలస్యం ఉంటే ఫలితం చెడదు. అసలు చిక్కంతా ఆ కనీసంలోనే ఉంది. మీరు సిమ్యులేట్ చేసేది నెట్‌వర్కులో ఉన్న 16 కంప్యూటర్లనీ, తీగ మీద ఆలస్యం ఒక మైక్రోసెకననీ అనుకుందాం. క్వాంటమ్ పది లక్షల టిక్కులు, ఒక్కొక్కరికీ ఆగే ముందు 2 వేల సైకిళ్ల పని దొరుకుతుంది. బాగానే గిట్టుబాటవుతుంది. అదే ఒకే చిప్ మీద 16 కోర్లు, వాటికి 10 సైకిళ్ల దూరంలో ఎల్2 (రెండో మెట్టు) క్యాష్ అయితే క్వాంటమ్ 5 వేల టిక్కులే. పది సైకిళ్ల పని చేసి, పదిహేను మంది కోసం ఆగి, మళ్లీ పది సైకిళ్లు. ఆగడానికి పట్టే సమయం పనికి పట్టేదాన్ని మింగేస్తుంది. క్వాంటమ్ పెంచితే పరుగెత్తుతుంది కానీ, కబుర్లు ఆలస్యంగా చేరి అంకెలు మారతాయి. ఒకే రన్ రెండుసార్లు చేస్తే రెండు రకాల జవాబులు రావచ్చు కూడా. అప్పుడు బగ్ వెతకడం ఎంత నరకమో పైన నా రెండు వారాల కథ చదివితే తెలుస్తుంది.

మీ ఉత్తరం చివర్లో ఎనిమిది బెంచ్‌మార్కులు, నాలుగు క్యాష్ సైజులు అని రాశారు. అంటే 32 రన్‌లు, ఒకదానితో ఒకదానికి సంబంధం లేనివి. ఒక్కో కోర్ మీద ఒక్కటి చొప్పున పదహారు పెట్టండి, అవి అయ్యాక మిగతా పదహారు. పెట్టేముందు సర్వర్లో మెమరీ ఎంతుందో మాత్రం ఒకసారి చూసుకోండి.